స్మేద్, స్మిదుర్: స్కాండినేవియా భాషల్లో లోహం పనివాడి పేరు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్వీడన్‌లో కాపురం పెట్టి భాష నేర్చుకుంటున్న మనవాళ్ళు, డెన్మార్క్‌లో ఫ్యాక్టరీ పని వెతుక్కుంటున్న కుర్రాళ్ళు, వైకింగుల కథలు తెలుగులోకి తెద్దామనుకునేవాళ్ళు నన్ను రకరకాల ప్రశ్నలు అడుగుతుంటారు. వాటిలో చాలా భాగం తిరిగి తిరిగి స్మేద్ అనే ఒకే మాట దగ్గర ఆగుతాయి. నిఘంటువు తెరిస్తే దానికి 'కమ్మరి' అని చెప్పి ఊరుకుంటుంది. అది తప్పని అనను, సగమే చెప్పిందంటాను. ఈ మాట పుట్టినప్పుడు దానికి ఇనుముతోనే ముడి లేదు. గట్టి సరుకును చేత్తో మలిచి పనికొచ్చే వస్తువు చేసేవాడు ఎవరైనా ఆ పేరుకు తగినవాడే. ఆ పాత అర్థం ఐస్లాండ్‌లో ఇప్పటికీ నిలిచి ఉంది, స్వీడన్‌లో సన్నబడింది, డెన్మార్క్‌లో వెల్డింగ్ మెషీన్ వైపు మళ్ళింది.

మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. డేనిష్ పలుకుబడి రాతకు చాలా దూరం కాబట్టి ఆ భాష మాటలను మాత్రం రాతకు దగ్గరగా ఉంచాను.

ఒక్క ముక్కలో చెప్పండి, కమ్మరిని అక్కడ ఏమంటారు?

స్వీడిష్, డేనిష్, నార్వేజియన్ మూడింట్లోనూ స్మేద్. ఐస్లాండిక్, ఫారో దీవుల భాషల్లో స్మిదుర్ అని రాస్తారు. వీటన్నిటికీ తల్లి అయిన పాత నార్స్ భాషలో స్మిద్‌ర్. బహువచనం స్వీడిష్‌లో స్మేదెర్, డేనిష్‌లో స్మేదె, ఐస్లాండిక్‌లో స్మిదిర్. 'ఆ కమ్మరి' అని ఫలానావాణ్ణి చూపించి చెప్పాలంటే మాట చివర తోక తగిలిస్తారు: స్మేదెన్.

'స్మెడ్' అని రాయాలా, 'స్మేద్' అనా?

స్మేద్ అనే రాయండి. ఇంగ్లీషు అలవాటు వల్ల మనకి చెయ్యి డ వైపు పోతుంది కానీ, స్వీడిష్‌లో ఆ హల్లు పలికేటప్పుడు నాలుక పళ్ళకు తగులుతుంది. అంటే మన ద. అచ్చు కూడా దీర్ఘమే. ఈ విషయంలో తెలుగువాళ్ళకి ఇంగ్లీషువాళ్ళ కంటే సుఖం ఎక్కువ, మన 'ద' మనకి పుట్టుకతోనే ఉంది.

నార్వేలో చాలామంది నోట చివరి ద్ వినబడదు, 'స్మే' దగ్గరే ఆగిపోతారు. డేనిష్‌లో ఆ ద్ ఎంత మెత్తబడుతుందంటే కొత్త చెవికి ల్ అనే అనిపిస్తుంది. ఐస్లాండ్‌లో నాలుక పళ్ళ మధ్య నుంచి జారే మెత్తని ద ఉంది, దానికి వేరే అక్షరమే ఉంది. ఫారో దీవుల్లో అదే అక్షరం రాస్తారు కానీ అసలు పలకరు, స్మీయుర్ అన్నట్టు వినిపిస్తుంది.

స్మేద్ అంటే ఇనుము పనివాడేనా? కంసాలి, కంచరి సంగతేంటి?

ముందు ఏమీ లేకుండా ఉత్త స్మేద్ అంటే నేటి స్వీడన్, నార్వేల్లో ఇనుము పనివాడే. మిగతా లోహాలకు ముందు లోహం పేరు చేరుస్తారు. బంగారానికి గుల్ద్‌స్మేద్, వెండికి సిల్వెర్‌స్మేద్. చేసే వస్తువు పేరు చేర్చినా చాలు: కత్తులు చేస్తే క్నీవ్‌స్మేద్, తాళాలు చేస్తే లోస్‌స్మేద్.

ఇనుములోనే మళ్ళీ రెండు రకాలున్నాయి. గ్రూవ్‌స్మేద్ అంటే మోటు పని చేసేవాడు. నాగలి కర్రు, లంగరు, బండి చక్రం పట్టీ అతని దగ్గరికి పోతాయి. క్లేన్‌స్మేద్ అంటే సన్నపని వాడు: తాళం, బందులు, గడియ, తలుపు మీద అలంకారం. డేనిష్‌లో దీన్నే క్లైన్‌స్మేద్ అంటారు. ఆ మాట అక్కడ పెద్ద దారి పట్టింది, అది తర్వాతి ప్రశ్నల్లో వస్తుంది.

తెలుగులో కమ్మరి, కంసాలి, కంచరి, వడ్రంగి, శిల్పి అని ఎవరికి వాళ్ళకి విడి పేర్లున్నాయి, వాటన్నిటినీ కలిపే మూలపదం లేదు. కలపాల్సి వస్తే విశ్వకర్మ పేరు చెప్పి ఐదు వృత్తులనూ ఒక గొడుగు కిందికి తెస్తాం. పాత నార్స్‌లో ఆ గొడుగు పనిని స్మిద్‌ర్ అన్న ఒక్క మాటే చేసింది.

లోహం పనివాళ్ళందరి పేర్లలోనూ స్మేద్ ఉంటుందా?

ఉండదు. స్వీడిష్ నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రాగి పనివాడు స్వీడిష్‌లో కొప్పర్‌స్లాగరె, అంటే 'రాగిని కొట్టేవాడు'. రేకు పనివాడు ప్లోత్‌స్లాగరె. గుర్రాలకు నాడాలు కొట్టేవాడు హూవ్‌స్లాగరె, 'గిట్టను కొట్టేవాడు'. పోత పోసేవాడు యూతరె. వేడి చేసి సాగగొట్టే పనికి ఒక పేరు, చల్లగా ఉండగా రేకును కొట్టే పనికి ఒక పేరు, కరిగించి పోసే పనికి ఇంకో పేరు. మొత్తమ్మీద పేరును బట్టే పని తీరు తెలుస్తుంది.

డేనిష్ కొన్నిచోట్ల వేరే దారి పట్టింది. రాగి పనివాడు కోబర్‌స్మేద్, నాడాలు కొట్టేవాడు బెస్లాగ్‌స్మేద్. రేకు పనివాణ్ణి మాత్రం అక్కడా బ్లిక్కెన్‌స్లాగర్ అన్నారు. తర్వాత ఇళ్ళలోకి నీటి గొట్టాలు వచ్చినప్పుడు ఆ పని కూడా అతనికే అప్పజెప్పారు. అందుకే ఇప్పుడు కోపెన్‌హాగెన్‌లో కుళాయి కారుతుంటే పిలిచేది 'రేకు కొట్టేవాణ్ణి'.

స్వీడిష్ కొప్పర్‌స్లాగరె గురించి ఒక చిన్న ముచ్చట. రాత్రి మందు ఎక్కువై పొద్దున్నే తల పగిలిపోతుంటే 'నాకు రాగి కొట్టేవాళ్ళున్నారు' అనడం స్వీడిష్‌లో ఉంది. డేనిష్‌వాళ్ళ తలలో మాత్రం వడ్రంగులు కొడతారు.

ఐస్లాండ్‌లో వడ్రంగిని కూడా స్మిదుర్ అంటారట, నిజమేనా?

నిజమే. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

ఐస్లాండ్‌లో కర్రపని చేసేవాడు త్ర్యేస్మిదుర్, 'చెట్టు స్మిదుర్'. ఇళ్ళు కట్టే వడ్రంగి హూసాస్మిదుర్. ఓడలు కట్టేవాడు స్కిపాస్మిదుర్. గడియారాలు చేసేవాడు ఊర్‌స్మిదుర్. ఇనుము పనివాడికి యౌర్న్‌స్మిదుర్ అని ముందు ఇనుము పేరు చేర్చి చెప్పాలి, ఉత్త స్మిదుర్ అంటే వడ్రంగే అనుకునే వీలు ఎక్కువ. 'మా ఇంటికి స్మిదుర్ వస్తున్నాడు' అని ఎవరైనా అంటే కొలిమి గురించి ఆలోచించకండి, వంటింటి అలమరా గురించి ఆలోచించండి.

ఇది ఐస్లాండ్‌వాళ్ళు కొత్తగా సాగదీసుకున్న అర్థమేమీ కాదు, పాతదే అక్కడ చెక్కుచెదరకుండా ఉంది. ఓడిన్ దేవుడు చెప్పిన నీతులుగా పేరుపడ్డ పాత కవిత హావమాల్‌లో ఒక సలహా ఉంది: నీ కోసం తప్ప ఇంకొకరి కోసం చెప్పుల స్మిద్‌ర్‌వీ, ఈటె కర్రల స్మిద్‌ర్‌వీ కావద్దు. చెప్పు కాస్త బిగువైనా, కర్ర వంకర పోయినా నిన్నే తిడతారట! తోలు పనివాడూ, కర్ర పనివాడూ ఇద్దరూ అక్కడ స్మిద్‌ర్‌లే. చేతిపనికి మాట పడటం వెయ్యేళ్ళ కిందట కూడా ఉన్నదే.

మాటలు అలా ఉంచండి, వస్తువు చూద్దాం. 1936లో స్వీడన్‌కు చెందిన గోత్లాండ్ దీవిలో, మెస్తెర్‌మీర్ అనే చోట, నీళ్ళు తోడి పొలంగా మార్చిన బురదనేలను ఒక రైతు దున్నుతుంటే నాగలికి గొలుసు తగిలింది. ఆ గొలుసు ఒక ఓక్ చెక్క పెట్టెకు చుట్టి ఉంది. లోపలా చుట్టుపక్కలా కలిపి 200కు పైగా వస్తువులు దొరికాయి, అన్నీ వైకింగ్ కాలం నాటివి. అందులో దాగళ్ళు, సుత్తులు, పట్టకార్లు, ఆకురాళ్ళు ఉన్నాయి. వాటి పక్కనే గొడ్డళ్ళు, బాడిసలు, రంపం, కర్రకు బెజ్జం వేసే బరమాలు ఉన్నాయి. తాళాలు, గంటలు, తూకానికి వాడే కాటా కూడా.

నేను స్టాక్‌హోమ్‌లోని చరిత్ర మ్యూజియంలో వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. మా తాతగారి ఊళ్ళో అయితే ఆ పెట్టెలోని సామాను రెండు ఇళ్ళకు పంచాలి, బాడిస ఒక వాకిట్లోకి, పట్టకారు ఇంకో వాకిట్లోకి. ఇక్కడ రెండూ ఒకే పెట్టెలో, ఒకే గొలుసు కింద ఉన్నాయి. ఆ పెట్టె మోసుకు తిరిగిన మనిషిని వాళ్ళ భాషలో పిలవడానికి రెండు మాటలు అక్కర్లేదు. స్మిద్‌ర్ అంటే చాలు.

అసలు ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

జర్మానిక్ భాషలన్నిటికీ ఇది ఉమ్మడి సొత్తు. ఇంగ్లీషు స్మిత్, జర్మన్ ష్మీద్, డచ్ స్మిద్ అన్నీ అన్నదమ్ములే. స్కాండినేవియా వాళ్ళు ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నదీ కాదు, ఇంగ్లీషుకు ఇచ్చినదీ కాదు. 4వ శతాబ్దంలో గోథిక్ అనే పాత జర్మానిక్ భాషలోకి బైబిల్ అనువాదం చేసినప్పుడు కంచు పనివాడికి 'ఐజా‌స్మిథా' అని వాడారు. అంటే అప్పటికే ముందు లోహం పేరు చేర్చి చెప్పే పద్ధతి ఉంది.

ఇంకా వెనక్కి పోతే పదునైన పనిముట్టుతో కోయడం, చెక్కడం అనే అర్థమున్న ధాతువు దగ్గరికి చేరతామని భాషా శాస్త్రజ్ఞులు చూపిస్తారు. గ్రీకులో ఉలి, చాకు వంటి పనిముట్టుకు స్మీలె అన్న మాట ఆ కుదురుదేనంటారు. కాబట్టి మూలంలో నిప్పూ లేదు, ఇనుమూ లేదు, ఉన్నది కోత పెట్టే చెయ్యి.

స్మిద్‌ర్ స్మేద్ ఎలా అయిందని కూడా అడుగుతుంటారు. పొట్టి ఇకారం కాలక్రమంలో ఎకారం వైపు దిగి, సాగింది. ఈ ఒక్క మాటలోనే కాదు. శాంతికి ఐస్లాండిక్‌లో ఫ్రిదుర్, స్వీడిష్‌లో ఫ్రేద్. కట్టెకు విదుర్, వేద్. కీలుకు లిదుర్, లేద్. స్మిదుర్, స్మేద్ అదే వరసలోది. ఈ నాలుగు జంటలు గుర్తుంటే ఐస్లాండిక్ పుస్తకంలో కొత్త మాట కనబడ్డా స్వీడిష్ వచ్చినవాళ్ళు ఊహించగలరు.

క్రియ, కొలిమి, సామాను పేర్లు చెబుతారా?

కాల్చి సాగగొట్టడం స్వీడిష్‌లో స్మీదా, డేనిష్‌లో స్మేదె, నార్వేజియన్‌లో స్మీ. కమ్మరి పని జరిగే పాక స్వీడిష్‌లో స్మేద్యా, నార్వేజియన్‌లో స్మీయె. ఐస్లాండిక్‌లో స్మీదా అంటే మళ్ళీ విశాలమే: ఇల్లైనా, పడవైనా, ఉంగరమైనా 'స్మీదా' చేయొచ్చు.

సామాను పేర్లు నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. స్వీడన్‌లో ఎస్కిల్‌స్తూనా అన్న ఊరు ఉంది. 1650లలో రైన్‌హోల్డ్ రాదెమాఖర్ అన్న పారిశ్రామికుడికి అక్కడ కమ్మరి పాకలు కట్టే అనుమతి దొరికింది. 120 కట్టాలనుకుంటే 20 అయ్యాయి, వాటిలో కొన్ని ఇప్పటికీ ఎర్రరంగు చెక్క గోడలతో నిలబడి ఉన్నాయి. ఆ ఊరి మోటార్‌సైకిల్ స్పీడ్‌వే జట్టు పేరు కూడా స్మేదెర్నా, 'కమ్మర్లు' అనే.

అక్కడ ఒక పాకలో పెద్దాయన మేకు చేసి చూపిస్తున్నాడు. కొలిమి పొయ్యిని చూపించి 'ఎషా' అన్నాడు. దాగలి మీద చెయ్యేసి 'స్తేద్' అన్నాడు. పట్టకారు తోంగ్, సమ్మెట స్లెగ్గా, తిత్తి బెల్య్. చువ్వను బయటికి తీసినప్పుడు నిమ్మపండు రంగులో ఉంది, నాలుగు దెబ్బలకు నారింజ అయింది, ఇంకో మూడింటికి ఎర్రబారింది. అక్కడితో కొట్టడం ఆపి మళ్ళీ నిప్పులో పెట్టాడు. ఎందుకాపారని అడిగితే, ఇంకా కొడితే చీలుతుందన్నాడు. ఒక్కటి గమనించాను. చువ్వ మీద దెబ్బకీ దెబ్బకీ మధ్య సుత్తి ఉత్త దాగలి మీద తేలిగ్గా ఎగిరి 'టిణ్' మంటుంది. ఆ ఖాళీ దెబ్బలో చేతికి విశ్రాంతి, కంటికి తర్వాతి దెబ్బ ఎక్కడో చూసుకునే వ్యవధి. మా ఊరి కొలిమి దగ్గర చిన్నప్పుడు విన్న చప్పుడు అచ్చంగా అదే.

'వల్లూన్‌స్మేద్' అని చదివాను. అది ఏ లోహం?

అది లోహం కాదు, ఊరు. 17వ శతాబ్దంలో నేటి బెల్జియంలోని వల్లూన్ ప్రాంతం నుంచి ఫ్రెంచి మాట్లాడే ఇనుము పనివాళ్ళను స్వీడన్‌కు రప్పించారు. లూయి దె యేర్ అనే వ్యాపారి అందులో ముఖ్యుడు. వాళ్ళను వల్లూన్‌స్మేదెర్ అన్నారు. ఉప్‌లాండ్ ప్రాంతంలో దన్నెమోరా గని ఖనిజంతో, బొగ్గుల వేడితో, నీటి చక్రం తిప్పే పెద్ద సుత్తి కింద వాళ్ళు తీసిన ఇనుప కడ్డీలను ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ ఉక్కు తయారీదారులు ఏరికోరి కొనుక్కునేవారు.

వాళ్ళతో పాటు మాటలూ వచ్చాయి. కొలిమిలో సహాయకుడు 'గుయార్', అది ఫ్రెంచి మాటే. షిఫ్టుల మధ్య పనివాళ్ళు నడుం వాల్చే చిన్న గది 'లబ్బీ'. ఓస్తెర్‌బీబ్రూక్‌లో అలాంటి కొలిమి, గదితో సహా, మిగిలి ఉంది. ఆ కుటుంబాల ఫ్రెంచి ఇంటిపేర్లు స్వీడన్‌లో ఇప్పటికీ వినిపిస్తాయి.

డెన్మార్క్‌లో 'స్మేద్ కావలెను' అన్న ప్రకటన చూశాను. గుర్రపు నాడాలు కొట్టాలా?

అక్కర్లేదు. దయచేసి ఆ ప్రకటన వదులుకోకండి.

విశాఖలో పదేళ్ళు ఫ్యాబ్రికేషన్ చేసిన ఒక తమ్ముడు, నాకు బాగా కావలసినవాడు, డెన్మార్క్ వెళ్ళిన కొత్తలో ఇలాంటి ప్రకటనే చూశాడు. ఫోన్‌లో అనువాదం పెడితే 'కమ్మరి' అని వచ్చింది. "అన్నా, నేను కొలిమి పని చేయలేను కదా" అని పక్కన పెట్టేశాడు. రెండు వారాల తర్వాత మాటల మధ్య నాకు చెప్పాడు. ప్రకటన తెరిచి చదివితే వాళ్ళు అడిగింది స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్, డ్రాయింగ్ చదవడం, ప్లేటు వంచడం. అన్నీ వాడికి వచ్చినవే. గడువు అప్పటికే దాటిపోయింది. ఆ బాధతోనే ఈ పేజీ రాయడం మొదలుపెట్టాను.

నేటి డెన్మార్క్‌లో స్మేద్ అంటే లోహంతో నిర్మాణం చేసే నైపుణ్యమున్న పనివాడు. క్లైన్‌స్మేద్ అని చదువులో ఒక శాఖే ఉంది, అప్రెంటిస్‌గా కుదిరి, పరీక్ష పాసైతే 'స్వెన్', అంటే శిక్షణ పూర్తయిన పనివాడు, అవుతారు. స్వీడన్‌లో ఇదే పనికి స్మేద్ అనరు. స్వెత్సరె, అంటే వెల్డర్, లేదా ప్లోత్‌స్లాగరె అని వెతకాలి. స్వీడన్‌లో ఉత్త స్మేద్ అంటే ఎక్కువగా గేట్లు, దీపస్తంభాలు, కత్తులు చేసే చేతిపనివాడే కళ్ళముందు మెదులుతాడు. మాట ఒకటే, సముద్రం దాటేసరికి జీతం కాగితం మారిపోతుంది.

మరి 'మెటల్ వర్కర్' అనే మాటకి సరైన పదం లేదా?

ఉంది. స్వీడిష్‌లో మెతాల్‌అర్బేతరె, డేనిష్‌లో మెటాల్‌అర్బైదర్. అది ఫ్యాక్టరీ మాట, యూనియన్ మాట. స్వీడన్‌లో లోహ కార్మికుల సంఘం 1888లో పుట్టింది, 2006లో ఇంకో సంఘంతో కలిసి ఐఎఫ్ మెతాల్ అయింది. డెన్మార్క్ సంఘం కూడా 1888లోనే పుట్టింది, దాని మొదటి పేరులో స్మేద్ ఉంది: 'డేనిష్ స్మేదె, యంత్ర కార్మికుల సంఘం'. ఇప్పుడు దాన్నే డాన్స్క్ మెటాల్ అంటున్నారు.

ఈ మాట పాత శాసనాల్లో ఎక్కడైనా ఉందా?

ఉంది, చదివితే కళ్ళు చెమ్మగిల్లుతాయి. డెన్మార్క్‌లో హోర్నింగ్ దగ్గర దొరికిన, రూన్ అనే పాత లిపిలో చెక్కిన శాసనంలో తోకి అనే స్మిద్‌ర్ తన యజమాని థోర్గిస్ల్ జ్ఞాపకార్థం రాయి నిలబెట్టానని చెక్కించాడు. 'నాకు బంగారాన్నీ స్వేచ్ఛనూ ఇచ్చిన' అని ఆ యజమానిని తలుచుకున్నాడు. అంటే తోకి ఒకప్పుడు బానిస. విడుదలయ్యాక తన పేరు పక్కన తండ్రి పేరు పెట్టుకోలేదు, పని పేరు పెట్టుకున్నాడు. శాసనం ఒక శిలువ గుర్తుతో ఉంది. గ్రెన్‌స్తేన్ అన్న ఊళ్ళో ఇంకో రాయి మీద కూడా తోకి స్మిద్‌ర్ అనే పేరు కనిపిస్తుంది.

బొమ్మల్లోనూ ఉంది. ఎస్కిల్‌స్తూనాకు దగ్గర్లోనే రామ్‌సుంద్ అనే చోట బండ మీద, 11వ శతాబ్దపు చెక్కడంలో, రేయిన్ అనే కమ్మరి తల తెగి పడి ఉంటాడు. చుట్టూ సుత్తి, పట్టకారు, తిత్తి, దాగలి. తలలేని మనిషి ఎవరో చూసేవాళ్ళకి సామానే చెబుతుంది.

స్కాండినేవియాలో కమ్మరి ఒక కులమా?

కాదు. వృత్తి సంఘాలు ఉండేవి. చేరినవాడు మొదట శిష్యుడు, తర్వాత స్వెన్ లేదా యెసెల్, చివరికి మెస్తరె, అంటే ఉస్తాదు. సంఘంలో లేనివాడు పట్టణంలో దుకాణం పెట్టడానికి వీల్లేదు. స్వీడన్‌లో ఈ సంఘాల పెత్తనం 1846లో రద్దయింది, 1864లో ఎవరు ఏ పనైనా చేసుకోవచ్చన్నారు. డెన్మార్క్‌లో 1857 చట్టం 1862 నుంచి అమలైంది. కొడుకు తండ్రి పనే చేపట్టడం మామూలే, వల్లూన్ కుటుంబాల్లో మరీ ఎక్కువ. కానీ వేరే ఇంట్లో పుట్టిన పిల్లవాడు శిష్యుడుగా చేరడానికి పుట్టుక అడ్డు కాలేదు. అందుకే అక్కడి కథను అనువదించేటప్పుడు 'కమ్మరి కులస్థుడు' అని రాయకండి.

సామెతలు ఉన్నాయా?

'స్మీద్ మేదన్ యేర్నెత్ ఏర్ వార్మ్‌త్', ఇనుము వేడిగా ఉండగానే కొట్టు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో అని మనం అంటాం కదా, అదే. ఇంకోటి, 'ఎవరి అదృష్టానికి వాళ్ళే స్మేద్'. ఇది లాటిన్ నుంచి వచ్చిన సామెత, మూడు భాషల్లోనూ ఉంది. నుదుటి రాత గురించి వింటూ పెరిగిన నాకు మొదటిసారి విన్నప్పుడు చాలా నచ్చింది.

డేనిష్‌లో 'స్మేద్ బదులు బేకర్‌ను శిక్షించడం' అనే నానుడి ఉంది. 18వ శతాబ్దంలో యోహాన్ హెర్మన్ వెస్సెల్ అనే కవి రాసిన కథాకవిత నుంచి పాకింది. చిన్న ఊళ్ళో కమ్మరి ఒకణ్ణి చంపేశాడు. ఊరికి ఉన్నది ఒక్కడే కమ్మరి, రొట్టెలు చేసేవాళ్ళు ఇద్దరు. ఊరి పెద్దలు న్యాయాధికారి దగ్గరికి పోయి, కమ్మరి లేకపోతే బతకలేం, ప్రాణానికి ప్రాణమే కావాలంటే ఒక బేకర్‌ను తీసుకోమన్నారు. ఆయన సరేనన్నాడు. అమాయకుడి మీద తప్పు తోస్తే డేనిష్‌వాళ్ళు ఇప్పటికీ ఈ మాటే అంటారు.

రోజువారీ స్వీడిష్‌లో 'స్మీదిగ్' అన్న మాట తెగ వినిపిస్తుంది. సులువుగా, ఇబ్బంది లేకుండా జరిగే పనికల్లా అదే. సాగగొట్టడానికి వీలైన లోహం గుణమే మనుషులకీ పనులకీ పాకింది.

స్మిత్ లాగా స్మేద్ కూడా పెద్ద ఇంటిపేరేనా?

కాదు. అక్కడ చాలాకాలం తండ్రి పేరుకే 'కొడుకు' చేర్చి పిలుచుకున్నారు. అందుకే ఆండర్సన్లూ హాన్సెన్లూ అంతమంది. డెన్మార్క్‌లో ష్మిట్ అన్న జర్మన్ రూపం బాగానే కనిపిస్తుంది. వీధుల్లో మాత్రం మాట బతికే ఉంది. ఆర్హూస్ నగరంలో గుల్ద్‌స్మేద్‌గాదె అంటే కంసాలి వీధి.

ఆడవాళ్ళను ఏమంటారు?

అదే మాట. స్వీడిష్‌లో ఆవిడా స్మేదే. ఐస్లాండిక్‌లో వ్యాకరణం ప్రకారం స్మిదుర్ పుంలింగమే అయినా స్త్రీని కూడా అలాగే అంటారు.

పురుగులకి కూడా ఈ పేరు ఉందా?

డేనిష్‌లో తూనీగ పేరు గుల్ద్‌స్మేద్. ఎండలో దాని రెక్క చూసినవాళ్ళకి ఎందుకో చెప్పక్కర్లేదు. ఐస్లాండ్‌లో నల్లగా మెరిసే ఒక పెంకు పురుగు పేరు యౌర్న్‌స్మిదుర్.

పురాణాల్లో స్మిద్‌ర్ ఎవరు?

వోలుంద్. స్వీడన్ రాజు నీదుద్ అతన్ని పట్టుకుని, పారిపోకుండా మోకాళ్ళ నరాలు కోయించి, ఒక దీవిలో నగలు చేయించుకున్నాడు. అతను పగ తీర్చుకుని గాల్లోకి ఎగిరిపోయాడు. గోత్లాండ్‌లోని ఆర్ద్రె బొమ్మరాయి మీద అతని కొలిమి చెక్కి ఉంది. ఐస్లాండిక్‌లో చిక్కు దారుల కట్టడాన్ని ఇప్పటికీ వోలుందర్‌హూస్, 'వోలుంద్ ఇల్లు' అంటారు. గొప్ప పనితనం ఉన్నవాణ్ణి వోలుందుర్ అనే పిలుస్తారు.

ఎగిల్ సాగా అనే పాత ఐస్లాండ్ కథలో స్కల్లాగ్రీమ్ అనే ఐస్లాండ్ రైతు ఉన్నాడు, బురద నేలల్లో దొరికే ఖనిజం నుంచి ఇనుము తీసేవాడు. దాగలికి సరిపోయే గట్టి రాయి ఒడ్డున దొరక్కపోతే ఒక రాత్రి పడవేసుకుని పోయి, సముద్రంలో మునిగి, నున్నటి బండ పైకి తెచ్చాడట. నలుగురు కలిస్తే గానీ లేవని బండ అది.

పల్లెటూరి స్మేద్‌లు ఇప్పుడు ఏమయ్యారు?

చాలా కొలిములు ఆరిపోయాయి. కొన్ని మాత్రం ఎదిగాయి. డెన్మార్క్‌లోని పశ్చిమ జట్లాండ్‌లో లెమ్ అనే చిన్న ఊరికి 1898లో హెచ్. ఎస్. హాన్సెన్ అనే కమ్మరి వచ్చి కొలిమి కొనుక్కున్నాడు. ఆయన కొడుకు 1945లో పెట్టిన కంపెనీ వెస్టాస్. 1970ల చివర్లో వాళ్ళు గాలిమరలకు మారినప్పుడు తీసుకున్న నమూనా కూడా ఒక స్మేద్‌దే, హెర్‌బోర్గ్ ఊరి కార్ల్ ఎరిక్ యోర్గెన్‌సెన్ తయారుచేసింది. నాగలి బాగుచేసి, తర్వాత ట్రాక్టర్ బాగుచేసి, గాలిమర కట్టడానికి చేతికి ఏం కావాలో ఆ ఊరి కమ్మర్ల దగ్గర అప్పటికే ఉంది.

తెలుగులోకి ఎలా అనువదించాలి?

సందర్భం చూడండి. పల్లె, కొలిమి, నాగలి ఉంటే కమ్మరి. డేనిష్ ఉద్యోగ ప్రకటనలో ఫ్యాబ్రికేటర్ లేదా వెల్డర్. ఐస్లాండ్ ఇల్లు కడుతుంటే వడ్రంగి. పాత నార్స్ కథల్లో ఏ సరుకో చెప్పకపోతే 'పనివాడు' అని పలచన చేయకండి, 'చేతిపని నేర్పరి' అనండి.

మాటలు కట్టేవాణ్ణి కూడా స్మిదుర్ అనొచ్చా?

అంటారు. ఓడిన్‌నూ అతని పూజారులనూ ల్యోదాస్మిదిర్, 'పాటలు మలిచేవాళ్ళు' అన్నారని 13వ శతాబ్దంలో స్నోర్రి అనే ఐస్లాండ్ రచయిత రాశాడు. నేటి ఐస్లాండ్‌లో కొత్త పదాలు పుట్టించేవాడు నీయిర్దాస్మిదుర్. ఆ భాష బయటి మాటలు తీసుకోవడానికి అంత తొందరగా ఒప్పుకోదు, కాబట్టి వాళ్ళకు చేతినిండా పని. కంప్యూటర్ వచ్చినప్పుడు, 1965లో, సిగుర్దుర్ నోర్దాల్ అనే పండితుడు అంకె అనే అర్థమున్న 'తాలా'నూ, సోదె చెప్పే స్త్రీ అనే అర్థమున్న 'వోల్వా'నూ కలిపి అతికాడు. అతుకు కనబడదు. ఐస్లాండ్‌లో చిన్నపిల్లలు కూడా ఇప్పుడు కంప్యూటర్‌ను తోల్వా అనే అంటారు.